మేకుల మీద మంచు

నిచ్చెన పడిన చప్పుడు నాకు వినబడలేదు, కాలికి తెలిసింది. ఎడమ మోకాలు క్లోజెట్ సీలింగులో అటకకి ఎక్కే కన్నం అంచు మీద ఆనించి కుడికాలు పైకి లాక్కుంటుంటే పాదం కింద ఉండాల్సిన మెట్టు లేదు. వంగి చూస్తే, క్లోజెట్‌లో వేలాడుతున్న రఘు చొక్కాల మీదుగా జారి, మెత్తటి కార్పెట్ మీద పడి ఉంది అల్యూమినియం నిచ్చెన, చెప్పుల స్టాండుకి ఆనుకుని కాళ్ళు పైకెత్తి. అంత మెల్లగా పడింది. మంచిదే, దీపు లేవలేదు అనుకున్నాను ముందు. తర్వాత మిగతాది అర్థమైంది. నేను అటక మీద ఉన్నాను, ఫోన్ మంచం మీద ఉంది, పక్క గదిలో మూడేళ్ళు కూడా నిండని పిల్ల నిద్రపోతోంది, ఇంట్లో మరో మనిషి లేడు. వీధి తలుపు లోపల్నుంచి గడియ. పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలుందేమో. రఘు షికాగోలో ఆఫీసులో ఉన్నాడు, రైల్లో గంట దూరంలో. అరవచ్చు. కానీ అరిస్తే ముందు లేచేది దీపు. లేచిందంటే నన్ను వెతుక్కుంటూ కిందకి దిగుతుంది. మెట్లు పదిహేను, నున్నటి కర్ర మెట్లు, మేజోళ్ళ కాళ్ళతో. మెట్లకి బిగించాల్సిన గేటు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఈ శనివారం బిగిస్తా అన్నాడు రఘు. పోయిన శనివారం కూడా అదే అన్నాడు.

తొమ్మిదడుగుల సీలింగు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. చేతులు చాపి వేలాడితే నా కాళ్ళకీ నేలకీ మధ్య రెండున్నర అడుగులు, అంతకంటే ఉండదు. దూకొచ్చు. నిచ్చెన సరిగ్గా అక్కడ పడకపోయి ఉంటే దూకేదాన్నే. ఆ కాళ్ళ మీద పడితే చీలమండ విరుగుతుంది, లేదా ఇంకెక్కడైనా గుచ్చుకుంటుంది. అప్పుడు దీపు లేచి వచ్చి చూసేది నన్ను కాదు, నెత్తురోడుతూ కింద పడున్న మనిషిని. వద్దు. ఆలోచించు రాగిణీ, ఊపిరి తీసుకో. ఊపిరి తెల్లగా వస్తోంది, పొగలా. జనవరి ఆఖరు. బయట ఎంత చలో అటక మీద కూడా ఇంచుమించు అంతే. నేను వేసుకున్నది నూలు పైజామా, పాత స్వెటర్. అయిదు నిమిషాల పని కదా అని ఎక్కాను. తల ఎత్తి టార్చ్ వేసి, చూడాల్సింది చూసి దిగిపోదామని. పిల్ల ఎప్పుడూ గంట సేపు పడుకుంటుంది. పడుకుని ఇరవై నిమిషాలైంది. అంటే నలభై ఉన్నాయి.

టార్చ్ పైకి తిప్పాను. అబ్బ. మేకులు. కప్పు లోపలి చెక్కల నిండా, వరసలు వరసలుగా, మొనలు కిందకి పెట్టి. పైన పెంకులు బిగించడానికి కొట్టిన మేకులు, ఇటువైపుకి అర అంగుళం పొడుచుకొచ్చి వేలకి వేలు. ప్రతి మొనకీ ఒక తెల్లటి మంచు బుడిపె. కొన్ని ఆవగింజంత, కొన్ని బటాణీ అంత. లైటు పడినంత మేరా మెరుస్తున్నాయి. అందంగా ఉన్నాయి, నిజానికి. అందంగా ఉన్నాయని అనిపించినందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఈ మంచే కదా పది రోజుల కిందట ఎండ కాస్తే కరిగి కారింది. దీపు మంచం పైన సీలింగులో పళ్ళెమంత గోధుమరంగు మరక పడింది. రఘు ఫోన్ చేస్తే ఇల్లు కట్టిన కంపెనీ మనిషి వచ్చాడు, బూట్ల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, ఎంతో మర్యాదగా. ఇదే నిచ్చెన ఎక్కి, ఇదే కన్నంలోంచి నడుం దాకా దూరి, టార్చ్ ఒక చుట్టు తిప్పి దిగాడు. పైన మేకులు కనబడుతున్నాయే అని అడిగాను. నవ్వాడు. ప్రతి ఇంట్లోనూ కనబడతాయి మేడమ్, ఇట్స్ నార్మల్ అన్నాడు, అన్నది మాత్రం రఘు వైపు చూసి. రఘు కూడా తలూపాడు. అతను వెళ్ళాక నేను మళ్ళీ మొదలుపెడితే, "వాళ్ళు ఇన్ని వందల ఇళ్ళు కట్టారు రాగిణీ, వాళ్ళకి తెలీదా? ప్రతిదానికీ అనుమానమైతే ఎలా?" అన్నాడు. కోపంగా కాదు. జాలిగా అన్నాడు. అదే ఎక్కువ తగిలింది. వచ్చే నెలతో ఇల్లు తీసుకుని మొదటి ఏడాది నిండుతుంది, ఆ తర్వాత ఏం పాడైనా మాదే పూచీ అని వాళ్ళ కాగితంలోనే ఉంది. నేను సివిల్ ఇంజనీర్ని. ఇక్కడ కాదు. ఇక్కడ నేను రఘువీర్ వీసాకి అంటిపెట్టుకుని వచ్చిన భార్యని, పనిచేయడానికి పర్మిషన్ లేదు. హైదరాబాదులో ఏడాది పాటు సైట్ మీద నిలబడ్డాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికైనా గుర్తుందా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది.

అరచేతులు మొద్దుబారుతున్నాయి. కదలాలి. ఎక్కడో ఒక తాడో, చెక్కో, ఆ నిచ్చెనని ఇటు లాక్కోడానికి కొక్కెంలాంటిదో దొరుకుతుందేమో. మోకాళ్ళ మీద పాకాను. మధ్యలో కాలు పెట్టకూడదు, దూలాల మీదే. దూలాల మధ్య ఉన్నది సీలింగు అట్ట మాత్రమే, మనిషి బరువు ఆగదు. పైగా దూలాలు కనబడవు, చలి ఆగడానికి చల్లిన బూడిదరంగు దూది మోకాలి లోతున కప్పేసి ఉంది. చేత్తో తడుముకుంటూ, ఒక దూలం, ఇంకో దూలం. వేళ్ళ సందుల్లో దురద. నాలుగో దూలం దగ్గర తల కాస్త ఎత్తాను. అంతే. టక్కున గుచ్చుకుంది. పాపిటకి ఎడం పక్క. కొత్త ఇల్లు, కొత్త మేకు, కొత్త మేకు ఎంత పదునుంటుందో. చెయ్యి పెట్టి చూసుకుంటే వేళ్ళకి ఎరుపు, చల్లటి నీళ్ళు కూడా, విరిగిన మంచు ముక్క కరిగి చెవి వెనక నుంచి మెడలోకి జారింది. అమ్మా అనబోయి నోరు మూసుకున్నాను. దీపు. దీపు లేవకూడదు.

అప్పుడే చూశాను దాన్ని. తల వంచుకునే ఉన్నాను కాబట్టి కనబడింది. దూదిలో సగం కూరుకుపోయి, లావుపాటి వెండిరంగు గొట్టం, నోరు పైకి తెరుచుకుని. బాత్రూమ్‌లో ఆవిరి లాగే ఫ్యాన్‌ది. అది కప్పులోంచి బయటికి పోవాలి. బయటికి పోయే కన్నం ఉంది కూడా, రెండడుగుల దూరంలో, శుభ్రంగా, ఖాళీగా. గొట్టాన్ని దానికి తగిలించడం మర్చిపోయారు, లేదా తగిలించింది ఊడిపోయింది. దాని పైన మేకులకి మంచు బుడిపెలు కాదు, గడ్డలు, ఒకదానికొకటి అతుక్కుని. చెక్క మీద నల్లటి మచ్చలు, బూజు. పొద్దున్న రఘు స్నానం, నా స్నానం, రాత్రి దీపు వేడినీళ్ళ ఆట, ఆ ఆవిరంతా ఏడాదిగా ఇక్కడికే వస్తోంది. వచ్చి ఇనప మొనల మీద గడ్డకట్టి, ఎండ కాసిన రోజు నా కూతురి మంచం మీదకి కారుతోంది. ఆ కంపెనీ మనిషి అబద్ధం చెప్పలేదు. మేకులు నార్మలే. మేకుల మీద నీళ్ళు నార్మల్ కాదు. అతను లోపలికి రాలేదు, అంతే. నడుం దాకా వచ్చి, చూసేశాను అనుకుని దిగిపోయాడు.

నార్మల్. మామూలే. మామూలేనమ్మా, ఇవన్నీ మామూలే. వీరభద్రరావుగారి గొంతు. ఆయన ఇంకా నా చెవిలోనే ఉన్నాడు, ఆరేళ్ళయినా. మా సీనియర్ ఇంజనీరు, పెద్దాయన, చెడ్డవాడు కాదు, నా టిఫిన్ డబ్బాలోంచి ఆవకాయ పెడితే ఇష్టంగా తినేవాడు. నిజాంపేటలో అపార్ట్‌మెంటు, మొదటి స్లాబు పోసే ముందురోజు. పచ్చి కాంక్రీటు బరువు మోయడానికి కింద సెంట్రింగ్ కర్రలు నిలబెట్టారు, సరుగుడు కర్రలు, కొన్నిటి కింద చెక్క లేదు, వట్టి మెత్తటి మట్టి. నేను చూశాను. నేనొక్కదాన్నే కాదు. కాంక్రీటు తట్టలు మోసే ధనమ్మ కూడా చూసింది, పాలమూరు నుంచి వచ్చింది, నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను ఇంజనీరమ్మా అని పిలిచే ఒకే ఒక్క మనిషి ఆ సైట్‌లో. మిగతావాళ్ళకి నేను పాపను. "ఇంజనీరమ్మా, గీ కట్టె ఊగుతున్నది సూడు" అంది, చేత్తో ఊపి చూపించి. నేను వెళ్ళి చెప్పాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే మామూలేనమ్మా అన్నాడు. రెండోసారి చెప్పలేదు నేను. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే అయినందుకా, ఆయనకి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నందుకా, ఈ ఆడపిల్లకి అన్నీ అనుమానాలే అని వెనక ఎవరో నవ్వినందుకా? తిరిగొచ్చి ధనమ్మతో ఏమన్నాను? ఏం కాదులే అన్నాను. ఆ మాట ఆయన అనలేదు, నేను అన్నాను. మర్నాడు పదకొండు గంటలకి ఒక మూల కుంగింది. మొత్తం కూలలేదు, ఒక మూలే. ఆ మూలన ధనమ్మ ఉంది. కింద పడ్డ షట్టరింగు చెక్కలు మేకులు పైకి తిరిగి ఉన్నాయి. ఒక మేకు ఆమె అరచేతిలోంచి ఇటు వచ్చింది. నడుం ఎముక విరిగింది. విచారణకి వచ్చినవాళ్ళు అడిగితే నేను గమనించలేదు సార్ అన్నాను. ఆస్పత్రికి ఒకసారి వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి దుప్పటి కింద దాచుకుని, తిన్నవా ఇంజనీరమ్మా అని అడిగింది. ఆ తర్వాత వెళ్ళలేకపోయాను. నాలుగు నెలలకి పెళ్ళి, వీసా, విమానం. ఊరు మారితే పోతుందనుకున్నాను. రఘుకి కూడా చెప్పలేదు ఇది. ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా?"

గోడ అవతల్నుంచి కాదు, సీలింగు కిందనుంచి, నా మోకాళ్ళ కిందనుంచే వచ్చింది ఆ గొంతు. నేను పాకుతూ పాకుతూ సరిగ్గా దీపు గది మీదకి వచ్చాను. చప్పుడు విని లేచినట్టుంది. మంచం మీంచి దిగిన ధప్పు, తలుపు కిర్రు, నడవాలో మేజోళ్ళ అడుగులు. "అమ్మా, వేర్ ఆర్ యూ?" అడుగులు దూరమవుతున్నాయి. మెట్ల వైపు. దీపూ అని అరవబోయాను. భయంగా అరిస్తే భయపడి పరుగెడుతుంది, పరుగెడితే మెట్ల మీద... గొంతు సవరించుకున్నాను. నవ్వాలి. ఎలాగైనా నవ్వు తెప్పించుకోవాలి గొంతులోకి.

"దీపూ! దాగుడుమూతలు! అమ్మని పట్టుకో చూద్దాం!"

అడుగులు ఆగాయి.

"అమ్మ కింద లేదు! అమ్మ గదిలో ఉంది! బట్టల గదిలో! కూ..."

చప్పుడు లేదు. ఏమీ లేదు. మెట్టు మీద నిలబడిందా? ఒక కాలు కిందకి పెట్టిందా? నేను కన్నం వైపు పాకుతున్నాను, దూలమో కాదో చూసుకోకుండా, నెత్తిన ఇంకో మేకు గీసింది, గీస్తే గీయనీ. కూ, కూ అంటూనే ఉన్నాను, పిచ్చిదానిలా, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే. కన్నం దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి కాళ్ళు కిందకి వదిలాను, దూకేద్దామనే, నిచ్చెన మీద పడితే పడ్డాను, విరిగితే విరగనీ, మెట్ల దగ్గరికి పాకుతూనైనా వెళ్తాను. పొట్ట అంచుకి ఒరుసుకుంటోంది. కాళ్ళు గాల్లో ఊగుతున్నాయి. ఇక చేతులు వదలడమే.

"ఫౌండ్ యూ!"

సరిగ్గా నా పాదాల కింద. రెండు చేతులూ పైకి చాపి, నిద్రమొహం, చెదిరిన జుట్టు, నోరంతా నవ్వు. "అమ్మా, నువ్వు సీలింగ్‌లో ఎందుకు?" వదిలి ఉంటే పిల్ల మీద పడేదాన్ని. ఒక్క క్షణం తేడా. ఎలా పైకి లాక్కున్నానో తెలీదు, మోచేతులు చెక్కుకుపోయాయి. బోర్లా పడుకుని తల మాత్రం కన్నంలోంచి కిందకి వేలాడేశాను. దీపు అప్పటికే నిచ్చెన మెట్టు పట్టుకుంది. "ఐ వాంట్ టు కమ్, అమ్మా." "వద్దు బంగారం, అది ముట్టుకోకు, అక్కడ కూచో." "నీ హెయిర్‌లో రెడ్ ఉంది." "అది రంగేనమ్మా. నా దగ్గరే కూచో. అమ్మ కథ చెప్తుంది." దగ్గరే అంటే తొమ్మిదడుగుల కింద. ఏ కథ? ఒక్కటీ గుర్తురావడం లేదు. అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంటి నిండా మేకులు, ఛీ, అది కాదు, అనగనగా ఒక పిల్లి అన్నాను. పిల్లి ఏం చేసింది అంది. పిల్లి చెట్టెక్కింది, దిగడం రాలేదు అన్నాను. అక్కడ ఫోన్ మోగింది.

పన్నెండున్నర. రఘు లంచ్‌కి లేచే టైము, రోజూ చేస్తాడు, రెండు నిమిషాలు, తిన్నారా అని. నాకు రోజూ విసుగు ఆ ఫోన్ అంటే. "దీపూ, నాన్న! పరుగెత్తు, మంచం మీద ఉంది, ఇక్కడికి తే, పచ్చది జరుపు!" తుర్రుమంది. ఐప్యాడ్‌తో పెరిగిన పిల్ల, పచ్చది జరపడం వచ్చు, స్పీకర్ నొక్కడం వచ్చు. నడుచుకుంటూ వస్తూనే మాట్లాడుతోంది.

"హాయ్ నాన్నా."

"హాయ్ రా. అమ్మ ఏం చేస్తోంది?"

"అమ్మ పైన హైడ్ చేసింది."

రఘు నవ్వు. "ఓకే, పైకెళ్ళి అమ్మకి ఇవ్వు."

"చెయ్యి రావట్లేదు. షి ఈజ్ టూ హై."

"రఘూ!" గొంతు చిరిగేలా అరిచాను. "అట్టిక్‌లో ఉన్నాను! నిచ్చెన పడిపోయింది! దీపు ఒక్కతే ఉంది కింద, మెట్లకి గేటు లేదు! సుమతి అక్కకి ఫోన్ చెయ్యి, గ్యారేజ్ కోడ్ చెప్పు!"

"అట్టిక్‌లో నువ్వు... సరే. సరే. ఈ కాల్ కట్ చేయను. డెస్క్ ఫోన్‌లోంచి చేస్తున్నా. దీపూ, ఫోన్ పట్టుకుని అక్కడే కూచో నాన్నా. సిట్." వెనకాల నంబర్లు నొక్కుతున్న చప్పుడు, సుమతి గారూ అంటున్న చప్పుడు, ఆఫీసులో ఎవరో ఏమైందని ఇంగ్లీషులో అడుగుతున్నారు. సుమతి అక్కది మూడిళ్ళ అవతల, మందుల షాపులో ఫార్మసిస్టు, రెండింటికి గానీ డ్యూటీకి వెళ్ళదు. ఇవాళ ముందే వెళ్ళకుండా ఉంటే చాలు. మంచు పారబోసుకుంటూ బయటే ఉంటే ఫోన్ వినబడుతుందా? దీపు పిల్లి సంగతి అడుగుతోంది. పిల్లి దిగిందా అమ్మా? దిగుతుందమ్మా. ఎప్పుడు? ఇప్పుడే. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, దీపు అది ఆట అనుకుని తనూ పళ్ళు కొట్టుకుంటోంది. చేతులకి స్పర్శ లేదు. నేను చెప్పింది విన్నారా అని ఎవరినైనా నిలదీసి ఎన్నేళ్ళయింది? విననివాళ్ళకి రెండోసారి చెప్పడం ఎప్పుడు మానేశాను? మానేసినందుకే కదా పిల్లని పడుకోబెట్టి, ఎవరికీ చెప్పకుండా, దొంగలా ఎక్కాను.

ఇల్లంతా గుర్రుమంది. గ్యారేజ్ తలుపు. కింద బూట్ల చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆయాసం. సుమతి అక్క, పెద్ద కోటు కింద నైటీ, తలకి టవలు. పైకి చూసి నోరు తెరిచింది. "ఏంది రాగిణీ ఇది? ఆడికెందుకెక్కినవ్ తల్లీ? నెత్తురు గారుతుంది గదనే!" దీపుని ఒక చంకనెత్తుకుని రెండో చేత్తో నిచ్చెన లేపి నిలబెట్టింది, కాలితో అదిమిపట్టింది. "దిగు, దిగు ముందుగాల."

పాదానికి మెట్టు తగిలింది. అల్యూమినియం అంత బాగుంటుందని తెలీదు. ఇంకో మెట్టు. నడుం దాకా దిగి ఆగాను. సరిగ్గా ఆ కంపెనీ మనిషి ఆగిన చోటు.

"అక్కా, ఆ ఫోన్ ఇటివ్వు."

"ముందు దిగరాదు!"

"ఇవ్వక్కా."

దీపు చేతుల్లోంచి ఫోన్ నా చేతికి వచ్చింది. రఘు లైన్లోనే ఉన్నాడు. "దిగావా? దెబ్బ తగిలిందా? అసలు ఎందుకెక్కావ్ రాగిణీ, అతను చెప్పాడు కదా..."

"రఘూ, నేను చెప్పేది ముందు విను. మధ్యలో ఆపకు. మేకులు నార్మలే, అతను చెప్పింది నిజమే. కానీ అతను లోపలికి రాలేదు, నేను వచ్చాను. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి తగిలించలేదు. ఆవిరంతా ఇక్కడే గడ్డకడుతోంది, చెక్కకి బూజు పట్టింది. ఫోన్ నువ్వు చెయ్యొద్దు. వాళ్ళకి నేను చేస్తాను. నాతోనే మాట్లాడాలి వాళ్ళు. ఈసారి మామూలే అంటే ఒప్పుకోను."

చెవి వెనక కారుతున్న నెత్తుటిని స్వెటర్ చేతితో తుడుచుకున్నాను.

"ఫోటోలు తీశావా?" అన్నాడు మెల్లగా.

"లేదు."

"అయితే తియ్యి. నేనుంటా లైన్లో. జాగ్రత్త, దూలాల మీదే..." అని ఆగాడు. "అది నీకు తెలుసులే."

కింద సుమతి అక్క అరుస్తూనే ఉంది, మళ్ళీ లోపలికెందుకు, పిచ్చా నీకు, నీ నెత్తి చూసుకున్నవా అని. దీపు అమ్మా, అమ్మా అంటోంది. నిచ్చెన వదలకక్కా, రెండు నిమిషాలు అన్నాను. తల వంచుకుని, వరసగా దూలాలు లెక్కపెట్టుకుంటూ, గొట్టం దాకా పాకాను. మొదటి ఫోటో మసకగా వచ్చింది. మళ్ళీ తీశాను.